బల్ల కింద

గేటు దగ్గరే ఇంజను ఆపేశాను.
డీజిల్ చప్పుడు ఆ కుక్కకు పడదని
ఫోనులో మూడుసార్లు చెప్పాడు ఇథెల్.
కొండ మీంచి అడ్డంగా కొడుతోంది వాన.
స్కానింగు మిషను కోటు లోపల దాచుకుని
బురదలో నడిచాను,
ఎవరి బిడ్డనో ఎత్తుకొస్తున్నట్టు.

నా పని గొర్రెలు.
చలి ముదిరిన దగ్గర్నుంచి మార్చి దాకా
వేల్స్‌లో ఈ పక్క కొండలన్నీ తిరుగుతాను.
గంటకు నూట ఇరవై.
ఇనుప తలుపు లేస్తుంది, పొట్ట కింద మిషను మూతి ఆనిస్తాను,
ఒకటి, రెండు, గొడ్డు, రెండు, మూడు అని అరుస్తాను.
వెనక కుర్రాడు వీపుల మీద రంగు కొడతాడు:
కవలలకు నీలం, గొడ్డుకు ఎరుపు.
ఎరుపంటే సంతకే.
వాటి ముఖాలు నేను చూడను. చూస్తే పని సాగదు.

ఇది పిలిపాల. అంటే సీతాకోకచిలుక.
కూతురు పెట్టిన పేరు.
గాలిలో అంత పొడుగు పేరు ఎవడు అరుస్తాడు,
ఇథెల్‌కు అది ఉత్త పిల్.
వంటింటి బల్ల కింద, గోడకు వీపు ఆనించి
నా బూట్లనే చూస్తోంది.

"దీని తల్లిని టౌను ఆస్పత్రిలో
స్టీలు బల్ల మీద వెల్లకిలా పడేసి
నలుగురు పట్టుకున్నారు.
ఆ తర్వాత తెల్లకోటు కనబడితే చాలు
నిలుచున్న చోటే ఉచ్చపోసేది."
అనేసి, కెటిల్‌తో ఏదో పనున్నట్టు
అటు తిరిగాడు.

సరే, అది బల్ల మీదికి రాదు.
నేనే కిందికి పోవాలి.
బూట్లు విప్పి మోకాళ్ళ మీద,
ఆపైన మోచేతుల మీద.
జిగురు సీసాని టీ కుండ పక్కన వెచ్చబెట్టమన్నాను.
ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యలేదు.
పొయ్యిలో బొగ్గు ఒకసారి కూలింది.
నా ముక్కు ముందే ఎప్పటిదో ఎండిన బఠాణీ గింజ.

చివరికి నా మణికట్టు మీద గడ్డం పెట్టింది.

బొచ్చు గొరగలేదు.
నూనె పెట్టిన జుట్టుకు తీసినట్టు పాయ తీశాను.
పడుకోమనలేదు, నిలబడితే నిలబడనీ.

తెర మీద కూడా వానే, బూడిదరంగుది.
ఆ వానలో ఒక నల్లటి గుంట,
గుంటలో చింతగింజ,
గింజలో మిణుకు.
మిణుకు మిణుకు మిణుకు,
దానికి ఎక్కడికో వెళ్ళే తొందర.

"హెలెద్, ఎన్ని?"
ఐదు. ఆరైనా కావచ్చు.
పేగు చాటున నక్కినదాన్ని నేను లెక్కపెట్టలేను.
ఇంకొకటుంది.
గుంట ఉంది, గింజ ఉంది,
మిణుకు లేదు.

తెర కొంచెం నా వైపు తిప్పుకున్నాను.
తల్లి ఒళ్ళే దాన్ని మెల్లగా వెనక్కి తీసేసుకుంటుంది,
ఇచ్చిన అప్పు అడక్కుండానే జమ వేసుకున్నట్టు.
గొర్రె అయితే చెప్పేదాన్ని కాదు.
ఇథెల్‌కు చెప్పాను.
అతను బల్ల కిందికి వంగి
చేతిలో ఉన్న చీజు ముక్క
నాకిచ్చాడు.
తిన్నాను.

కాగితం మీద రాయమన్నాడు, రాశాను.
ట్రాక్టరు మీదికి దూకనివ్వకు.
ఆఖరి వారాల్లో తిండి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు.
ఈనే పెట్టె ఇప్పుడే పెట్టు; అది ఇంకోచోటు ఎంచుకుంటే
వాదించకు, పెట్టెనే జరుపు.
సూడిది రొప్పుతూ పచ్చగా స్రవించి, పిల్ల రాకపోతే
ఏ వేళైనా డాక్టరుకు ఫోను చెయ్యి.
ఆ రోజు ఇంటికి ఎవర్నీ పిలవకు, మీ చెల్లెల్నయినా.
"దాన్ని అసలే పిలవను" అన్నాడు.

మర్నాడు ఇంకో కొండ, ఆరువందల గొర్రెలు.
తలుపు లేచింది.
మొదటిదాని పొట్ట కింద చెయ్యి పెట్టబోయి
జిగురు చల్లగా తగిలి ఆగాను.
"ఏమైంది?" రంగు డబ్బా ఊపుతూ కుర్రాడు.
ఏం లేదు, అన్నాను.
సీసాని చంకలో పెట్టుకుని నిలబడ్డాను.
తడిసిన గొర్రె మెడ తిప్పి
నా వంక చూసింది.

ఆ రోజు గంటకు తొంభై కూడా కాలేదు.